పాత జర్మన్ వెండి నాణేల సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ నాణేల మీద మోజు పడి వచ్చేవాళ్ళు దాదాపు అవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడిగా రాసే కన్నా అన్నీ ఒకచోట పెట్టడం నయమని ఈ పేజీ తయారైంది. వరసగా చదవాల్సిన పనిలేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి, జవాబు అక్కడే పూర్తిగా ఉంటుంది.

## మొదలుపెట్టే ముందు

"జర్మన్ నాణెం" అంటున్నారు గానీ, అప్పట్లో జర్మనీ అనే దేశమే లేదు కదా?

నిజమే, 1871 దాకా లేదు. ఇక్కడ మాట్లాడేది పవిత్ర రోమన్ సామ్రాజ్యంలోని వందల కొద్దీ సంస్థానాల గురించి. పైన ఒక చక్రవర్తి. కింద ఎలెక్టర్లు (చక్రవర్తిని ఎన్నుకునే ప్రభువులు), డ్యూకులు, కౌంట్లు, బిషప్పులు, మఠాలు, స్వతంత్ర నగరాలు. వీళ్ళలో చాలామందికి సొంతంగా నాణేలు కొట్టించుకునే హక్కు ఉండేది.

సేకర్తలు ఎక్కువగా 1486 నుంచి 1806 వరకు ఒక కాలంగా తీసుకుంటారు. 1486లో టిరోల్‌లోని హాల్ పట్నంలో ఆర్చ్‌డ్యూక్ సిగిస్మండ్, ష్వాట్స్ గనుల వెండితో గుల్డినర్ అనే పెద్ద నాణెం కొట్టించాడు. అప్పటిదాకా బంగారు గుల్డెన్‌కి ఉన్న విలువ సుమారు 32 గ్రాముల వెండి బిళ్ళకి వచ్చింది. 1806లో సామ్రాజ్యమే రద్దయింది.

ఇవాళ్టి మ్యాపు పెట్టుకుని వెతికితే మాత్రం తికమక తప్పదు. హాల్ ఇప్పుడు ఆస్ట్రియాలో ఉంది. టాలర్ అనే పెద్ద వెండి నాణేనికి పేరిచ్చిన యోఆఖిమ్స్‌టాల్‌లో ష్లిక్ వంశపు కౌంట్లు 1520 ప్రాంతంలో నాణేలు కొట్టించారు. ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో యాఖిమోవ్.

ఇన్ని వందల రాజ్యాలుంటే ఎక్కడ పట్టుకోవాలి?

ఒక్క ప్రాంతాన్ని ఎంచుకోండి. అన్నిట్లో వేలు పెట్టినవాళ్ళ దగ్గర ఓ పదేళ్ళకి పెట్టె నిండుతుంది గానీ, ఏ నాణెం గురించీ గట్టిగా నాలుగు ముక్కలు చెప్పలేరు.

నా ఓటు సాక్సనీకి. ఫ్రైబెర్గ్, అన్నాబెర్గ్, ష్నేబెర్గ్ గనుల నుంచి వెండి ఏకధాటిగా వచ్చేది కాబట్టి దాదాపు ఏటా నాణేలు కొట్టారు, చాలానే మిగిలాయి. 1556లో ఎలెక్టర్ ఆగస్ట్ తన ఊళ్ళలోని టంకశాలలన్నీ మూసి పనంతా డ్రెస్డెన్‌కి తెచ్చాడు. ఆ తర్వాతి నాణేలను టంకశాల అధికారి గుర్తుని బట్టి వరసగా పేర్చుకోవచ్చు. హెచ్‌బీ అన్న జంట అక్షరాలు కనిపిస్తే అది 1556 నుంచి దశాబ్దాల పాటు ఆ పదవిలో ఉన్న హాన్స్ బీనర్ గుర్తు.

బొమ్మల కోసం సేకరించేవాళ్ళకి బ్రౌన్‌ష్వైగ్ డ్యూకుల నాణేలు బావుంటాయి. న్యూరెంబర్గ్, రేగెన్స్‌బర్గ్ లాంటి నగరాల నాణేల మీద ఊరి దృశ్యం చెక్కి ఉంటుంది. చూడముచ్చటగా ఉంటాయి, ధరా అలాగే ఉంటుంది. చిన్నచిన్న బిషప్పులవి, మఠాలవి మొదట్లో వద్దు. అరుదైన వాటిని అంచనా వేసే కన్ను ఇంకా కుదిరి ఉండదు.

నెల జీతం మీద బతికేవాడికి ఇది సాధ్యమయ్యే పనేనా?

సాధ్యమే. 17వ శతాబ్దపు చిన్న నాణేలు, అంటే 3 క్రోయిట్సర్, గ్రోషెన్, టాలర్‌లో 24వ వంతు నాణెం, ఇవన్నీ సాధారణ స్థితిలో 10 నుంచి 40 యూరోలకి దొరుకుతాయి. మూడింట రెండొంతుల టాలర్‌కి వందకి అటూ ఇటూ అవుతుంది. బాగా దొరికే సాక్సనీ టాలర్ మధ్యస్థంగా ఉంటే 150 నుంచి 400 వరకు. నగర దృశ్యాలున్న టాలర్లు వేలల్లోకి పోతాయి. ఇవి అంచనాలే, వెండి ధర, వేలంలో ఆ రోజు పోటీ బట్టి మారతాయి.

బడ్జెట్ వేసుకునేటప్పుడు వేలం సంస్థ కమిషన్ మర్చిపోవద్దు. సుత్తి పడిన ధర మీద సాధారణంగా 20 శాతం, అంతకు మించి కూడా కలుస్తుంది. ఆ పైన పోస్టేజీ, ఇన్సూరెన్స్.

చిన్నవి పది కొనాలా, పెద్దది ఒకటి కొనాలా?

మొదటి ఏడాది చిన్నవే. చదవడం వాటి మీదే వస్తుంది, పొరపాటు జరిగినా జేబుకి పెద్దగా తగలదు. తర్వాత ఒక మంచి టాలర్ కొనండి. అరచేతిలో ఆ బరువు పడ్డాక ఇంక చిన్నవాటితో సరిపెట్టుకోవడం కష్టమని చాలామంది అంటారు, అదీ నిజమే.

## చేతిలోకి తీసుకున్నాక: చదవడం, గుర్తుపట్టడం

చుట్టూ ఉన్న అక్షరాలు అర్థం కావడం లేదు. జర్మన్ నేర్చుకోవాలా?

జర్మన్ కన్నా లాటిన్ ఎక్కువ ఉపయోగం. అది కూడా ఓ ముప్పై నలభై పొట్టి మాటలు వస్తే చాలు. 'యు' అక్షరం 'వి'లా ఉంటుందని ముందే తెలుసుకోండి.

ఆగస్ట్ పేరున్న సాక్సనీ టాలర్ ఒకటి తీసుకుందాం. బొమ్మ వైపు కవచం తొడుక్కుని, భుజాన కత్తి ఆనించుకున్న గడ్డపాయన. చుట్టూ "ఆగుస్టుస్ డి జి డుక్స్ సాక్సో", ఆ తర్వాత ఇంకొన్ని ముక్కలు. డి జి అంటే దేవుడి దయ వల్ల, డుక్స్ అంటే డ్యూక్, సాక్సో అంటే సాక్సనీకి. బొరుసు వైపు డాలు, దాని చుట్టూ బిరుదు మిగతా సగం: సామ్రాజ్యపు ఆర్చ్‌మార్షల్, ఎలెక్టర్. భుజం మీది కత్తి ఊరికే గంభీరంగా కనిపించడానికి పెట్టింది కాదు. సామ్రాజ్య ఉత్సవాల్లో చక్రవర్తి ముందు కత్తి పట్టుకుని నడిచే హక్కు ఆర్చ్‌మార్షల్‌ది. డాలులో అడ్డంగా పెట్టిన జంట కత్తులూ ఆ పదవివే.

నగరాల నాణేల మీద "మొనేటా నోవా" అని మొదలవుతుంది. కొత్త నాణెం అని అర్థం, వెనకే ఊరి పేరు ఉంటుంది.

నా నాణెం మీద చక్రవర్తి ఫెర్డినాండ్ పేరు, రెండు తలల గద్ద ఉన్నాయి. అయితే ఆస్ట్రియాదేనా?

చాలాసార్లు కాదు. స్వతంత్ర నగరాలు, చిన్న ప్రభువులు తమ నాణెం మీద ఒక వైపు తమ గుర్తు, రెండో వైపు చక్రవర్తి పేరు, రెండు తలల గద్ద వేసేవాళ్ళు. హాంబర్గ్ నాణెం మీద కోట గోడ ఉంటుంది, ఆగ్స్‌బర్గ్ నాణెం మీద పైన్ చెట్టు కాయ, కొలోన్ మీద మూడు కిరీటాలు. ల్యూబెక్ గుర్తే రెండు తలల గద్ద కాబట్టి అక్కడ ఇంకా తికమక. ముందు చక్రవర్తి లేని వైపు చూడండి. నాణెం ఎవరిదో ఆ వైపే చెబుతుంది.

ఆన్‌లైన్‌లో "ఆస్ట్రియా, ఫెర్డినాండ్ 2" అని తప్పుగా పెట్టిన నగర నాణేలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. కన్ను తెరిచి ఉన్నవాళ్ళకి అవే బేరాలు.

గద్ద రొమ్ము మీద గోళంలో అంకె ఉంది. అది సంవత్సరమా?

కాదు, విలువ. ఆ గోళం సామ్రాజ్యానికి గుర్తు. అందులో 24 ఉంటే ఎక్కువగా టాలర్‌లో 24వ వంతు నాణెం. 60 ఉంటే 1559 చట్టం ప్రకారం కొట్టిన గుల్డినర్, విలువ 60 క్రోయిట్సర్లు. 72 ఉంటే 1551 చట్టం నాటి గుల్డినర్. చిన్న నాణెం మీద 3 ఉంటే మూడు క్రోయిట్సర్లు.

సంవత్సరం ఎక్కడా కనిపించడం లేదు. ఉన్నచోట 2 బదులు జెడ్ లాంటిదేదో ఉంది.

ఆ జెడ్ లాంటిదే 2. "16ZZ" అని ఉంటే 1622. చిన్న నాణేల మీద చివరి రెండు అంకెలే వేస్తారు. అవి డాలుకి చెరో పక్కన ఒక్కో అంకెగా విడిపోయి ఉండచ్చు, లేదా అక్షరాల వరస చివర నక్కి ఉండచ్చు. భూతద్దంతో ఒకసారి చుట్టూ తిప్పి చూడండి. 16వ శతాబ్దం మొదట్లో చాలా నాణేల మీద సంవత్సరమే ఉండదు. వాటిని పాలకుడి పేరు, టంకశాల గుర్తు బట్టి ఒక దశాబ్దంలోకి తెచ్చుకోవడమే.

టాలర్ ఎంత బరువుండాలి? నాది 22 గ్రాములే ఉంది, నకిలీయా?

ఏ ప్రమాణం ప్రకారం కొట్టిందో తెలియకుండా బరువు చూసి తీర్పు చెప్పకూడదు. అన్నిటికీ మూలం కొలోన్ మార్కు అనే తూనిక, అంటే 233.856 గ్రాములు. ఒక మార్కు వెండికి ఎన్ని టాలర్లు కొడతారన్నది కాలాన్ని బట్టి మారింది.

1566లో ఖాయమైన రైక్స్‌టాలర్‌ని మార్కు లోహానికి 8 చొప్పున కొట్టారు: బరువు 29.23 గ్రాములు, మేలిమి 889 (వెయ్యి పాళ్ళలో 889 వెండి), అందులో స్వచ్ఛమైన వెండి దాదాపు 26 గ్రాములు. నాణెం మొత్తం బరువు మన పాత లెక్కలో రెండున్నర తులాలు, అంటే రెండున్నర బ్రిటిష్ రూపాయల బరువు. (ఇప్పుడు బంగారం కొట్లో చెప్పే 10 గ్రాముల తులం కాదు, 11.66 గ్రాములది.) చాలా రాజ్యాలు వందేళ్ళకి పైగా దీన్నే పట్టుకుని ఉన్నాయి.

తర్వాత గనులు తగ్గాయి, వెండి ధర పెరిగింది. 1667లో బ్రాండెన్‌బర్గ్, సాక్సనీ కలిసి త్సిన్నాలో మార్కు స్వచ్ఛ వెండికి పదిన్నర టాలర్లన్నాయి. 1690లో లైప్‌జిగ్‌లో అది 12 అయింది. ఈ రెండు ప్రమాణాల్లోనూ టాలర్ ఎక్కువగా లెక్కల పుస్తకంలోనే ఉండేది, చేతులు మారింది మూడింట రెండొంతుల నాణెం. బ్రౌన్‌ష్వైగ్ వాళ్ళు దాన్ని 24 మరియన్‌గ్రోషెన్‌గా దాదాపు కల్తీ లేని వెండితో 13 గ్రాములకి కొట్టారు.

1750లో ప్రష్యా ఫ్రెడరిక్ 2 తన అధికారి గ్రౌమన్ సలహాతో 14 టాలర్ల లెక్కకి దిగాడు: 22.27 గ్రాములు, మేలిమి 750. మీ 22 గ్రాములది ప్రష్యా టాలర్ అయితే అంతే ఉండాలి. 1753లో ఆస్ట్రియా, బవేరియా పెట్టుకున్న కన్వెన్షన్ టాలర్ 28.06 గ్రాములు, మేలిమి 833.

అరుగుదల వల్ల అర గ్రాము దాకా తగ్గడం మామూలే. రెండు గ్రాములు తగ్గితే అనుమానించాలి. ప్రమాణం కన్నా ఎక్కువ ఉంటే ఇంకా ఎక్కువ అనుమానించాలి.

బ్రౌన్‌ష్వైగ్ టాలర్ల మీద చెట్టు పట్టుకున్న ఆ బట్టల్లేని మనిషెవరు?

ఆయన్ని అడవి మనిషి అంటారు. హార్ట్స్ కొండల్లో వెండి గనులున్న ఊరికి ఆ పేరే ఉంది, అక్కడి జానపద కథల్లోంచి డ్యూకుల నాణేల మీదికి వచ్చాడు. వేరుతో పెకిలించిన చెట్టు చేతిలో, ఆకుల మొలతాడు నడుముకి. ఒకే బొమ్మ వందేళ్ళకి పైగా రకరకాలుగా సాగింది కాబట్టి ఈయన ఒక్కడి మీదే సేకరణ కట్టుకున్నవాళ్ళున్నారు.

డ్యూక్ యూలియస్ కాలంలో, 1580ల చివర, ఈయన చేతికి కొవ్వొత్తి, కపాలం, ఇసుక గడియారం, వాటితో పాటు కళ్ళజోడు కూడా వచ్చాయి. పక్కన వరసగా పొడి అక్షరాలు. అవి ఒక జర్మన్ వాక్యంలోని మాటల మొదటి అక్షరాలు: తనకు తాను సాయం చేసుకోనివాడికి, తన్ను తాను తెలుసుకోనివాడికి దీపమూ కళ్ళజోడూ ఉండి ఏం లాభం అని. ఎవరిని ఉద్దేశించి కొట్టించాడో గానీ, నాణెం మీద ఇంత ఎత్తిపొడుపు వేరేచోట అరుదు.

కొడుకు హైన్రిష్ యూలియస్ ఇంకో మెట్టు ఎక్కాడు. తన రాజ్యంలోని కొన్ని జమీందారీ కుటుంబాలతో గొడవపడి, ఆ గొడవనంతా నాణేల మీదికి ఎక్కించాడు. 1595 టాలర్ మీద మోషే మీద తిరగబడినవాళ్ళని భూమి మింగేస్తుంటుంది. 1597లో ఒకదాని మీద సత్యం నగ్నంగా నిలబడి అబద్ధాన్ని తొక్కుతుంది. 1599లో సింహం చుట్టూ కందిరీగలు, పైన సాయానికి గద్ద. అప్పటి జనం సంతలో ఉల్లిపాయలు కొంటూ ఈ దెబ్బలాట చదువుకున్నారన్నమాట, టాలర్ చేతికందే స్తోమత ఉన్నవాళ్ళయితే.

1643లో డ్యూక్ అగస్ట్ ది యంగర్ కొట్టించిన గంట టాలర్లు ఏడు రకాలు. చక్రవర్తి సైన్యం ఆ డ్యూకుల రాజధాని వోల్ఫెన్‌బ్యూటెల్‌ని ఖాళీ చేసిన సందర్భం. ఒకదాని మీద నాలుక లేని గంట, ఒకదాని మీద గంట లేని నాలుక, చివరికి గంట మోగుతుంది. ఏడూ కుదుర్చుకోవడానికి జనం ఏళ్ళు పడతారు.

కిప్పర్ నాణేలంటే ఏమిటి? రాగిలా ఉన్నా ఎందుకు కొంటారు?

1618లో ముప్పై ఏళ్ళ యుద్ధం మొదలైంది, సైన్యాలకి జీతాలివ్వాలి. సామ్రాజ్య నాణేల చట్టం చిన్న నాణేల్లో కూడా గట్టి వెండి పెట్టమంది. అలా కొడితే కూలి కూడా గిట్టేది కాదు. దాంతో ప్రభువులు టంకశాలల్ని గుత్తకిచ్చారు, గుత్తేదారులు వెండి తగ్గించారు, పక్క రాజ్యం వాడు ఇంకా తగ్గించాడు. అలా కొట్టిన కల్తీ నాణేలే కిప్పర్ నాణేలు. మంచి నాణేల్ని త్రాసులో వేసి బరువైనవి ఏరి కరిగించడం ఒక వ్యాపారమైపోయింది. బ్రౌన్‌ష్వైగ్ ప్రాంతంలో మూతబడిన మఠాల్లో కూడా టంకశాలలు వెలిశాయి. 1622లో ప్రాగ్‌లో లీక్టెన్‌స్టైన్, వాలెన్‌స్టైన్ అనే ప్రభువులు, బ్యాంకర్ హాన్స్ డి విట్టె, బస్సేవి అనే వ్యాపారి కలిసి బొహీమియా నాణేల ముద్రణని ఏడాదికి గుత్తకి తీసుకుని ఇదే పని భారీగా చేశారు. ఆ ఏడాది కల్తీ డబ్బులో ఒక మంచి టాలర్‌కి 600 క్రోయిట్సర్లు, కొన్నిచోట్ల ఇంకా పైనా పలికింది. 1623లో పాత ప్రమాణానికి తిరిగొచ్చి, టాలర్‌కి 90 క్రోయిట్సర్లని ఖాయం చేశారు.

1621, 1622 తేదీలున్న 24 క్రోయిట్సర్ బిళ్ళని దగ్గరగా చూడండి. గుంటల్లో తెల్లగా, ఎత్తుగా ఉన్న జుట్టు, కిరీటం దగ్గర ఎర్రగా ఉంటుంది. పైపూత అరిగి రాగి బయటపడింది. అదే దాని విలువ. ధరల పెరుగుదల చరిత్రని చేత్తో పట్టుకుని చూసే అవకాశం, అదీ తక్కువ ఖర్చులో. ఎర్రగా ఉందని నకిలీ అనుకుని వదిలేయకండి.

మస్కట్ నుంచి మా బాబాయి 1780 మరియా థెరీసా నాణెం తెచ్చారు. నిజంగా అప్పటిదేనా?

దాదాపు ఖాయంగా కాదు. ఈ ఆస్ట్రియా మహారాణి 1780 నవంబర్‌లో చనిపోయింది. ఎర్ర సముద్రం చుట్టుపక్కల, అరేబియాలో, ఇథియోపియాలో వ్యాపారులు ఆమె బొమ్మ ఉన్న నాణెం తప్ప వేరేది పుచ్చుకునేవాళ్ళు కాదు కాబట్టి అదే తేదీతో కొడుతూనే ఉన్నారు. ఇప్పటికి 30 కోట్లకు పైనే కొట్టారు, వియన్నా టంకశాల ఇప్పటికీ కొడుతుంది. ఒమన్, యెమెన్‌లలో 20వ శతాబ్దంలో కూడా చెలామణి అయింది, అందుకే అక్కడి పాత బజార్లలో అంతగా దొరుకుతుంది.

1935లో ఇటలీ ఇథియోపియా కోసం ఆస్ట్రియా నుంచి అచ్చులు తీసుకుంది. దాంతో లండన్, పారిస్, బ్రస్సెల్స్ కూడా కొట్టడం మొదలుపెట్టాయి. 1940, 41లో బొంబాయి టంకశాలలో కూడా కొట్టారు. కాబట్టి బాబాయిగారి నాణెం మన దేశంలోనే పుట్టి ఉండే అవకాశమూ లేకపోలేదు.

బొమ్మ కింద ఎస్‌ఎఫ్ అక్షరాలు గ్యూంట్స్‌బర్గ్ టంకశాల అధికారులవి. ఆ ఊరు ఇప్పుడు బవేరియాలో ఉంది. తర్వాతి ముద్రణలన్నీ వాటిని అలాగే ఉంచాయి. అసలు 1780వి, తర్వాతివి వేరు చేయడం గద్ద ఈకలు, బ్రోచ్ మీది ముత్యాలు లెక్కపెట్టే పని. సాధారణ ముద్రణ అయితే వెండి ధర మీద కాస్త ఎక్కువ, అంతే.

## కొనేటప్పుడు

వేలం జాబితాలో ఎస్‌ఎస్, వీజెడ్ అని ఉంటుంది. ఏది మంచిది?

కింద నుంచి పైకి: ఎస్ అంటే షోన్, మాటకి అందమైనది గానీ నిజానికి బాగా అరిగింది. ఎస్‌ఎస్, జేర్ షోన్, మధ్యస్థం. పాత టాలర్లకి ఇదే మంచి స్థాయి. వీజెడ్, ఫోర్‌ట్స్యూగ్లిష్, చాలా బాగున్నది. పైన ష్టెంపెల్‌గ్లాన్స్, అచ్చు నుంచి వచ్చిన మెరుపుతో ఉన్నది. 16వ శతాబ్దపు వాటిలో ఇది ఆశించకండి.

స్థాయి కన్నా దాని వెనక రాసే మాటలు ముఖ్యం. హెంకెల్‌ష్పూర్ అంటే కొక్కెం తీసిన జాడ. గెలోఖ్ట్ అంటే బెజ్జం ఉంది. గెరైనిగ్ట్, శుభ్రం చేశారు. రాండ్‌ఫేలర్, అంచు దెబ్బతింది. ష్రోట్లింగ్స్‌ఫేలర్, బిళ్ళ తయారీలోనే ఉన్న లోపం. డావ్. అని ఉన్న అంకె డావెన్‌పోర్ట్ టాలర్ల పట్టికలోని సంఖ్య. అది పట్టుకుని వెతికితే అదే రకం నాణెం పాత వేలాల్లో ఎంతకి పోయిందో తెలుస్తుంది.

నాణెం మీద ఆకురాయితో గీసినట్టు గీతలున్నాయి. ఎవరో పాడుచేశారా?

అన్నీ ఒకే దిశలో, పక్కపక్కన, అక్షరాల కిందికి పోయినట్టుంటే అది టంకశాలలోనే జరిగింది. కొట్టకముందు బిళ్ళ బరువెక్కువైతే ఆకురాయితో గీకి సరిచేసేవాళ్ళు. బొమ్మ ఆ గీతల మీదే పడింది. ధర కొంచెం తగ్గిస్తుంది గానీ మచ్చ కాదు. గీతలు బొమ్మ మీదుగా అడ్డంగా, అటూ ఇటూ పోతే తర్వాత ఎవరో తోమినవి.

అలాగే అంచు ఒకచోట తిన్నగా కోసినట్టుంటే బిళ్ళని వెండి పట్టీ చివర నుంచి కత్తిరించారన్నమాట. నాణెం బల్ల మీద పెడితే కొంచెం ఊగుతుందా? హాల్ లాంటి చోట్ల రోలర్ల మధ్య నడిపి ముద్ర వేసేవాళ్ళు, అలాంటివి కాస్త వంపు తిరిగి ఉంటాయి. దాన్ని సాపు చేయించే ప్రయత్నం మాత్రం చేయకండి.

కొక్కెం తీసేసిన టాలర్ సగం ధరకే వస్తోంది. కొనచ్చా?

నేనైతే కొనమంటాను, అమ్మేవాడు ఆ సంగతి ముందే చెబితే. మన కాసులపేరులో కాసుల్లాగే టాలర్లని కూడా మెడలో వేసుకునేవాళ్ళు, జాకెట్లకి గుండీలుగా కుట్టుకునేవాళ్ళు. పైభాగంలో అంచు మీద టంకం ముద్ద, లేదా అరగదీసిన చదును జాడ చూడండి. బొమ్మ బాగుండి అంచు మాత్రమే దెబ్బతింటే, ఖరీదైన రకాన్ని అందుకోవడానికి ఇది మంచి దారి. తిరిగి అమ్మేటప్పుడు కూడా సగమే వస్తుందని తెలిసి కొనండి.

జాడని పూడ్చి, అక్షరాలు మళ్ళీ చెక్కి, చెప్పకుండా అమ్మేవి ప్రమాదం. ఒక అక్షరం మిగతా వాటికన్నా పదునుగా ఉంటే అక్కడ ఆగండి.

నకిలీల టెన్షన్ లేకుండా ఎలా కొనాలి?

ఇంట్లో చేయగలిగేవి: 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు, వెర్నియర్ కాలిపర్, పదింతల భూతద్దం, అయస్కాంతం. రైక్స్‌టాలర్ సాధారణంగా 40 నుంచి 45 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. నీళ్ళలో వేలాడదీసి సాంద్రత చూస్తే 889 మేలిమికి 10.3 దగ్గర రావాలి. 9కి దగ్గరగా వస్తే లోపల రాగో ఇత్తడో.

పోత నాణెం మీద అక్షరాల మూలలు గుండ్రంగా, మైదానంలో సూది బెజ్జాల్లా గుంటలు కనిపిస్తాయి. అంచు చుట్టూ సన్నని అతుకు గీత ఉంటే రెండు పెంకులు అతికించింది. ఒకే దెబ్బ, ఒకే గీత ఉన్న రెండు నాణేలు వేర్వేరు చోట్ల అమ్మకానికి కనిపిస్తే రెండూ ఒక మూస నుంచి వచ్చినవే.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 19వ శతాబ్దం మొదట్లో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ అనే జర్మన్ దొంగ అచ్చులు చెక్కడంలో సిద్ధహస్తుడు. కొత్తగా కొట్టిన వాటికి పాతదనం రావడానికి ఇనుప రజను పెట్టెలో వేసి గుర్రబ్బండి కింద కట్టుకుని తిరిగేవాడని చెబుతారు. అతని అచ్చులు ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్ద రక్షణ, పేరున్న వేలం సంస్థ దగ్గర, వాపసు హామీతో కొనడం. వెండి విలువకే రైక్స్‌టాలర్ ఇస్తానన్నవాడి దగ్గర ఆగవద్దు.

గ్రేడింగ్ కంపెనీ ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నవే కొనాలా?

ఖరీదైన వాటికి, దూరం నుంచి కొనేవాళ్ళకి ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి, నాణేన్ని పరీక్షించి స్థాయి కట్టే కంపెనీల డబ్బా కొంత ధైర్యం. 50 యూరోల గ్రోషెన్‌కి ఆ ఖర్చు దండగ. జర్మనీలో పాతకాలపు సేకర్తలు నాణేన్ని ట్రేలో పెట్టుకుని చేత్తో తీసి చూసుకోవడానికే ఇష్టపడతారు, నాకూ అదే నచ్చుతుంది. డబ్బా మీది అంకె చూసి కాకుండా నాణెం చూసి కొనండి. డబ్బాలు కూడా నకిలీవి వస్తున్నాయి కాబట్టి నంబరు కంపెనీ సైట్‌లో సరిచూసుకోండి.

కొనకుండా మంచి నాణేలు చూసి నేర్చుకునే దారి ఉందా?

బెర్లిన్ మ్యూజియం నాణేల విభాగం తన ఆన్‌లైన్ పట్టికలో వేల నాణేలు పెద్ద ఫొటోలు, బరువులతో పెట్టింది, ఉచితం. జర్మనీలో ఉన్నవాళ్ళు బెర్లిన్‌లో బోడె మ్యూజియం, డ్రెస్డెన్ రాజభవనంలోని నాణేల ప్రదర్శన, మ్యూనిక్ రెసిడెన్స్‌లోని నాణేల మ్యూజియం చూడండి. పెద్ద వేలాల ముందు నాణేల్ని చేత్తో పట్టుకుని చూసే రోజులుంటాయి. కొనకపోయినా వెళ్ళచ్చు.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాను. సేకరణని ఇండియాకి తెచ్చుకుంటే ఏమవుతుంది?

తీసుకురావడం ఒక సంగతి, మళ్ళీ బయటికి తీసుకెళ్ళడం ఇంకో సంగతి. ఇది చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. నాణెం ఏ దేశానిదన్న తేడా ఆ నిర్వచనంలో లేదు. పురావస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అంటే హైదరాబాద్ తెచ్చుకున్న టాలర్‌ని రేపు ఫ్రాంక్‌ఫర్ట్ వేలానికి పంపడం తేలిక కాదు. అక్కడే అమ్మే ఆలోచన ఉంటే అక్కడే ఉంచుకోండి.

తెచ్చేటప్పుడు ఇన్‌వాయిస్ చేతిలో పెట్టుకుని కస్టమ్స్‌లో ప్రకటించండి. జర్మనీ వైపు 2016 నుంచి సాంస్కృతిక సంపద చట్టం ఉంది. నాణెం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే కాగితాలు అమ్మేవాళ్ళనే అడిగి తీసుకోండి.

## ఇంటికి వచ్చాక

నల్లబడింది. వెండి గ్లాసుల్లాగా తోమేయచ్చా?

వద్దు. విభూది, కుంకుడు రసం, టూత్‌పేస్ట్, తోమే పొడి, వేడినీళ్ళలో సోడా వేసి అల్యూమినియం రేకు, ఏదీ వద్దు. మూడు నాలుగు వందల ఏళ్ళుగా పట్టిన ఆ ముదురు పొర వల్లే బొమ్మ లోతు కనబడుతుంది. పోగొడితే ధర సగానికి పడిపోవచ్చు, మళ్ళీ తెప్పించలేం.

ఆకుపచ్చగా జిగురు ఉంటే అది నలుపు కాదు, పాత ప్లాస్టిక్ కవరు నుంచి వచ్చింది. స్వచ్ఛమైన ఎసిటోన్‌లో గాజు గిన్నెలో కాసేపు నాననిచ్చి, రుద్దకుండా ఆరనివ్వండి. నెయిల్‌పాలిష్ రిమూవర్ పనికిరాదు, అందులో నూనెలు, రంగులు కలుపుతారు. కిటికీ తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని చేయండి.

బీరువాలో పెడితే సరిపోతుందా?

చీరల బీరువాలో కలరా ఉండల పక్కన కాదు. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ, చవక ప్లాస్టిక్ కవర్లు వెండికి పడవు. పీవీసీ లేని క్యాప్సూల్స్‌లో పెట్టి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఆ పొట్లాలు వానాకాలంలో తరచూ మార్చాలి. పట్టుకునేటప్పుడు అంచునే పట్టుకోండి, కింద మెత్తటి గుడ్డ పరవండి.

పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

దీన్ని పెట్టుబడిగా చూసేవాళ్ళని నేను వారిస్తాను. కొన్నప్పుడు 20 శాతం పైన కమిషన్ కట్టారు, అమ్మేటప్పుడు ఇంకో కోత. ఆ తేడా పూడటానికే ఏళ్ళు పడుతుంది. అరుదైనవి, బాగున్నవి, పాత సేకరణల నుంచి వచ్చినట్టు కాగితం ఉన్నవి నిలబడతాయి. మామూలు టాలర్లు వెండి ధరతో కొంచెం ఊగుతాయి.

నాణెంతో పాటు పాత కాగితం ముక్క ఒకటి వచ్చింది. పారేయచ్చా?

అస్సలు వద్దు. వెనకటి సేకర్తలు, వ్యాపారులు నాణెం వివరం, కొన్న తేదీ, ఇచ్చిన ధర అలాంటి గుండ్రటి అట్టముక్కల మీద చేత్తో రాసి కింద పెట్టేవాళ్ళు. ఆ చేతిరాత ఫలానా సేకరణదని తేలితే పాత వేలం పుస్తకంలో అదే నాణెం ఫొటో దొరకచ్చు, దాంతో చరిత్ర వందేళ్ళు వెనక్కి పోతుంది, ధర ముందుకి పోతుంది. చీటీని స్కాన్ చేసి పెట్టుకుని, నాణేనికి తగలకుండా వేరే కవర్లో ఉంచండి. పాత కాగితంలోని ఆమ్లం వెండిని మచ్చలు చేస్తుంది. కవరు మీద నాణెం నంబరు రాయడం మర్చిపోకండి, లేకపోతే ఏ చీటీ దేనిదో రెండేళ్ళకి మీకే గుర్తుండదు.